పాయింటుకు పావలా

ఏప్రిల్ 1, మంగళవారం.
ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది. కూలర్‌లో పాత గడ్డి తీసేసి కొత్తది పెట్టాను. గడ్డి 120, నగదు.

ఉ. 11-20. క్రెడిట్ కార్డు వచ్చింది! కొరియర్ అతను నాచారంలో మా కంపెనీ గేటు దగ్గరే సంతకం చేయించుకున్నాడు. తేదీ చూసి సెక్యూరిటీ మొగిలయ్య నవ్వాడు. నవ్వనీ.

ఈ కార్డు గురించి నాలుగు నెలలు చదివాను. ఇరవై మూడేళ్లుగా స్టోర్‌కీపర్‌ని. పదో తరగతి తర్వాత నేర్చుకున్నదంతా సొంతంగానే. కంప్యూటర్ నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకుంటాను.

నిర్ణయం: నేటి నుంచి ఐదు వేలు దాటిన ఏ వస్తువూ నగదుతో కొనేది లేదు. ముందే అనుకున్న ప్రతి పెద్ద ఖర్చుకూ రావలసిన చివరి పాయింటు వరకూ రాబట్టాలి.

మొదటిది ఫ్రిజ్. ముప్పై వేలు బ్యాంకులో సిద్ధం. పాత ఫ్రిజ్‌కు పదహారేళ్లు, లారీ ఘాట్ ఎక్కుతున్నట్టు మూలుగుతోంది. నా భార్య రూతు రోజూ హబ్సిగూడలో శ్యామలమ్మగారి లేడీస్ హాస్టల్‌కు పద్దెనిమిది కిలోల దోసె పిండి వేస్తుంది. ఖర్చులు పోను నెలకు పదకొండు వేలు. పిండి చల్లగా ఉంటేనే ఆ పదకొండు వేలు.

సా. 7-00. "ఎండలు ముదురకముందే తెస్తవా?" అంది రూతు.
"ఇరవై అయిదు తారీఖు."
"గా తారీఖేంది? మంచి రోజా?"
"సేల్ రోజు."
రూతు గిన్నె లోపల పెట్టి ఫ్రిజ్ తలుపు వేసింది. అది మూలిగింది.

ఏప్రిల్ 3, గురువారం.
39 డిగ్రీలు. క్యాంటీన్‌లో రంజిత్ పక్కన కూర్చున్నాను. పర్చేజ్ సెక్షన్ మనిషి, ఐదు కార్డులున్నాయి. జీతం ఒక్కటే.

"అన్నా, ఫ్రిజ్ డైరెక్టుగ కొన్నవనుకో, ఆగమైతవ్. ముందుగాల బ్యాంకు యాప్‌ల ఆన్‌లైన్ షాపు వోచర్లు కొను. వందకు రెండు పాయింట్లు వచ్చేకాడ పది వస్తయ్. గా వోచర్లు వెట్టి సేల్‌ల ఫ్రిజ్ తీస్కో."
"అంటే ఫ్రిజ్ కొనాల్నంటే ఫ్రిజ్ కొనొద్దు."
"గదే అన్నా పాయింటు!"

లెక్క:
వోచర్లు 30,000. పాయింట్లు 3,000.
మొదటి నెలలోనే ముప్పై వేలు ఖర్చు పెట్టినందుకు బహుమతి 2,000.
మొత్తం 5,000!
విమానం టికెట్‌కు వాడితే పాయింటుకు రూపాయి. అంటే ఐదు వేల రూపాయలు, ఊరికే. (వేరే దేనికి వాడినా పావలా. బ్యాంకు వాళ్లు ఈ మాట చిన్న అక్షరాల్లో వేశారు. నేనూ చిన్న అక్షరాల్లోనే రాసుకున్నాను.)

చిక్కు ఒకటే. ఒక్కో బిల్లు నెలలో పదిహేను వేల వోచర్లే ఇస్తారు. బిల్లు నెల 13న ముగుస్తుంది. కాబట్టి ఇవాళ పదిహేను వేలు, 14న పదిహేను వేలు, 25న ఫ్రిజ్. టైంటేబుల్ రాయడానికి రైల్వే వాళ్లు నన్ను తీసుకోకపోవడం వాళ్లకే నష్టం.

ఐదు వేల రూపాయల సంగతి రూతుకు చెప్పాను. విమానం సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం.
ఉక్క. మధ్యాహ్నం ఫ్రిజ్ రెండు గంటలు ఆగి మళ్లీ తిరిగింది. రూతు టబ్బులో ఐసు గడ్డలు వేసి పిండి గిన్నెలు అందులో పెట్టింది. ఐసుకు ఉప్పల్ చౌరస్తా వరకూ నేనే వెళ్లాను.
"కార్డు తీస్కుంటవా?" అని ఐసు అమ్మేవాణ్ని అడిగాను.
"ఐసు కరుగుతున్నది సార్. ముందుగాల సంచి వట్టు."

రోజుకు అరవై. 25 దాకా పద్దెనిమిది రోజులు, 1,080. ఐదు వేలలోంచి తీసేస్తే 3,920. ఇప్పటికీ లాభమే! కాగితం రూతుకు చూపించాను.
"మంచిగున్నది. టబ్బు మోసినందుకు నాకెన్ని పాయింట్లు?"
యాప్‌లో వెతికాను. ఆ విభాగం లేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం.
ఉ. 8-15. గుడికి బయలుదేరే ముందు రూతు దశమభాగం కవరు తీసింది. ఇంట్లోకి ఏది వచ్చినా పదో వంతు గుడికి ఇవ్వడం పెళ్లయిన నాటి నుంచీ ఉన్నదే.
"పాయింట్లు వచ్చినయంటివి గద?"
"పదిహేను వందలు."
"పదో వంతు తియ్యి."
"పాయింట్లకు గూడ దశమభాగమేంది రూతూ?"
"పోయినేడు మా అన్న పది కోళ్లిస్తే ఒకటి ఇయ్యలేదా? కోళ్లు జీతమా?"

వాదించి లాభం లేదు. నూట యాభై పాయింట్లు. పావలా చొప్పున ముప్పై ఏడున్నర. ఉదారంగా నలభై వేశాను. రూతు కవరు తెరిచి చూసింది.
"గిదేంది, నలభై?"
"పాయింటుకు పావలా."
"నాకు జెప్పిననాడు రూపాయంటివి. నాకు రూపాయి, దేవునికి పావలానా?"

నూట యాభై వేశాను. నగదు. ఒక్క పాయింటు కూడా ఇంకా వాడలేదు.

ప్రసంగం చెవికెక్కలేదు. ఒకే సరుక్కు రెండు ధరలు రాసిన స్టోర్ అసిస్టెంటును ఆరేళ్ల క్రితం మా కంపెనీ పంపించేసింది. అతని మీద రిపోర్టు రాసింది నేను.

ఏప్రిల్ 14, సోమవారం. సెలవు.
ఉ. 6-05. మిగతా పదిహేను వేల వోచర్లు కొన్నాను. మొత్తం ఆరు, ఒక్కోటి ఐదు వేలు. పథకం సగం దాటింది! వెనక్కి తగ్గితే ఇప్పటిదాకా కొన్న ఐసు వృథా అవుతుంది.
రూతు: "ఫ్రిజ్ రాత్రంతా చప్పుడు చేయలేదు."
నేను: "చల్లబడింది కావచ్చు."

ఏప్రిల్ 18, శుభశుక్రవారం.
41 డిగ్రీలు. మూడు గంటల ఆరాధన ముగించుకుని మూడున్నరకు ఇంటికొచ్చాం. తలుపు తీయగానే వాసన. ఫ్రిజ్ ఆగిపోయింది. ఐసు నీళ్లయింది. గిన్నెల మూతలు లేచి పిండి పొంగి నేల మీదికి కారుతోంది.

పద్దెనిమిది కిలోలూ నేనే పారబోశాను. గిన్నెలు నేనే కడిగాను. నాలుగు గిన్నెలు, రెండు టబ్బులు. రూతు కుర్చీలో కూర్చుని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

సా. 5-10. శ్యామలమ్మగారి ఫోన్. రూతు స్పీకర్‌లో పెట్టింది, నాకు వినబడాలనే.
"రూతమ్మా, నిన్నటిదే పులిసింది. పిల్లలు దోసె మూతికాడ వెట్టి పక్కకు నూకుతున్నరు. ఇయ్యాల అసలే లేదంటున్నవ్. బోడుప్పల్ కెళ్లి ఒకామె నేను వేస్తనని రోజు ఫోన్ చేస్తున్నది."
"అమ్మా, జర ఆగున్రి. ఎనిమిదేండ్ల సంది వేస్తున్న గద."
"గందుకే సోమారం పొద్దుగాల దాక ఆగుతున్న. ఆ తర్వాత నన్ననొద్దు."

సోమవారం 21. సేల్ 25. నాలుగు రోజుల తేడా. శ్యామలమ్మగారికి ఫోన్ చేసి సేల్ సంగతి వివరిద్దామా అని ఒక్క నిమిషం ఆలోచించాను. రాసుకుంటున్నాను కాబట్టి నిజం రాయాలి. రెండు నిమిషాలు.

ఏప్రిల్ 19, శనివారం.
ఉ. 9-00. సేల్ లేకపోయినా ఇవాళే కొనేయాలని నిశ్చయించుకున్నాను. తగ్గింపు పోతే పోనీ, పాయింట్లు ఎక్కడికీ పోవు! ఫ్రిజ్ ఎంచుకున్నాను, 29,990. వోచర్లు వేయడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడోది తీసుకోలేదు.

9-20. కస్టమర్ కేర్. పాటలు.
10-05. "సార్, ఒక ఆర్డరుకు రెండు వోచర్లే పని చేస్తాయి. షరతుల్లో పదకొండో పాయింటు చూడండి."
"మరి ముప్పై వేల ఫ్రిజ్ ఎట్ల కొనాలె?"
"పది వేల ఫ్రిజ్‌లు మూడు కొనుక్కోవచ్చు సార్."

వోచర్లు వెనక్కి తీసుకోరు. బ్యాంకులో ఉన్న ముప్పై వేలు కార్డు బిల్లుకు కట్టాలి. చేతిలో ఫ్రిజ్ లేదు, ఫ్రిజ్ డబ్బూ లేదు. పాయింట్లు ఉన్నాయి.

రూతు బీరువా తెరిచి, మొన్న ఎత్తిన చిట్టీ డబ్బు సంచిలో వేసుకుంది. ఆ డబ్బు మోకాలి వైద్యానికి దాచుకున్నది.
"ఎక్కడికి?"
"పోశయ్యన్న దుకాణానికి. వస్తవా, ఫోన్ల పాటలు వింటవా?"

ఉప్పల్ రింగు రోడ్డు మీద పోశయ్య దుకాణం. మా పాత ఫ్రిజ్ అమ్మింది కూడా ఆయనే. అదే కంపెనీ, అదే సైజు, పట్టీ మీద 32,500.
"నగదేనా రూతక్కా?"
"నగదే అన్నా."
"ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలియ్యి. పాతది గూడ నేనే మోసుకపోత."

మూడు వేల ఏడు వందల తగ్గింపు, ఒక్క మాటలో. పాయింట్లు లేవు, వోచర్లు లేవు, పాటలు లేవు. నేను గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను.

దారిలో రూతు: "నెలకు నాలుగు వేలు నాకు కట్టు. నగదు. నా మోకాళ్లకు వోచర్లు వెట్టరు."

ఏప్రిల్ 21, సోమవారం.
తెల్లారి ఐదున్నరకు స్కూటర్ మీద నేనే పిండి తీసుకెళ్లాను. శ్యామలమ్మగారు పెనం మీద ఒక దోసె పోసి, తిని, చేయి కడుక్కుని, అప్పుడు నోరు తెరిచారు.
"మంచిగుంది. రూతమ్మకు చెప్పు, బోడుప్పలామెను రావద్దన్న అని. కొత్త ఫ్రిజ్ నువ్వే కొంటివా?"
"మా ఇంట్ల కొన్నం" అన్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం.
సేల్! ఇంటికి కొనవలసింది ఏమీ మిగల్లేదు. అయితే వోచర్లకు గడువు ఉంది కదా. మ. 1-10కి, భోజన విరామంలో, తగ్గింపు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది చూసి కొన్నాను. 65 శాతం. రూమ్ హీటర్.

ఏప్రిల్ 28, సోమవారం.
42 డిగ్రీలు. హీటర్ వచ్చింది.
"ఏంది గిది?"
"హీటర్. చలికాలానికి."
రూతు కొంగుతో ముఖం తుడుచుకుని హీటర్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.
"వోచర్లు ఇంకెన్ని ఉన్నయ్?"
"ఐదు."
"ఒక రగ్గు గూడ తీస్కో."

కార్డు మడత పెట్టడానికి రాదు. బైబిల్ కవరు వెనక అరలో పెట్టేశాను. ఈ వ్యవహారం ఇంతటితో సమాప్తం.

మే 3, శనివారం.
మబ్బు. ఈదురుగాలి, డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చాను. సెలవు పెట్టాను.

శ్యామలమ్మగారి చెల్లెలు తార్నాకలో హాస్టల్ తెరుస్తోంది. ఆమెకూ రోజుకు ఇరవై కిలోలు కావాలట. రూతు నిన్ననే ఒప్పుకుంది. మా గ్రైండర్ అంత పిండి రుబ్బలేదు. పెద్దది పోశయ్య దగ్గర చూసి వచ్చింది, 22,000. ఇవాళ తేవాలి.
"నువ్వు రావాలె. ఆటోల ఎక్కియ్యనీకి ఇద్దరు గావాలె. చేతులు తెచ్చుకో సాలు, కార్డు వద్దు."

కార్డు జేబులోనే ఉంది. ఊరికే, బైబిల్ చదువుతుంటే జారిపడింది.

ఏప్రిల్‌లో జరిగిన తప్పు పద్ధతిది కాదు, వోచర్లది. కొత్త నిర్ణయం: వోచర్లు లేవు, సేల్ కోసం ఆగడం లేదు, పెద్ద కొనుగోలుకు నేరుగా కార్డు గీకడమే. ఈసారి ఒక పేజీ చాలు!

కార్డు గీకితే పోశయ్య రెండు శాతం ఎక్కువ తీసుకుంటాడట. 440. రంజిత్ చెప్పిన కొత్త కార్డులో రెండున్నర శాతం వెనక్కి వస్తుంది. 550. తేడా నూట పది, లాభం. నగదైతే ఎంత తగ్గిస్తాడో రూతు చెప్పలేదు, నేను అడగలేదు. కొత్త కార్డు రావడానికి వారం. హాస్టల్ మొదలయ్యేది ఎల్లుండి. ఆ ఐదు రోజులు పాత గ్రైండర్‌లోనే రెండు విడతలుగా రుబ్బితే

రూతు గేటు దగ్గర నుంచి పిలుస్తోంది. ఆటో వచ్చినట్టుంది. రెండు విడతలుగా రుబ్బితే కరెంటు యూనిట్‌కు