పిస్తోలుకు పెట్టిన కుంకుమ

16 అక్టోబర్ 1978, సోమవారం
చౌడేపల్లె

రేపు మదనపల్లెలో వకీలు దగ్గర బావి తగాదా సాక్ష్యం రాసిచ్చి, చివరి బస్సు దిగి, రోడ్డు నుంచి ఇంటిదాకా చీకట్లో నడవాలి. పోయిన నెల ఎదుటి పక్షం వాళ్లు నన్ను ఆపి, "నోరు తెరిసి సూడు, తెలుస్తుంది" అన్నది ఆ దారిలోనే. అందుకే తక్కువ ధరకు దొరికిన ఈ చిన్న పిస్తోలు. లైసెన్సైతే ఉంది, నమ్మకమే లేదు. మధ్యాహ్నం, మిలిటరీలో చేసి వచ్చిన మునెప్పను వెంటబెట్టుకుని క్వారీ గుంతలో కాల్చి చూశాను.

రెండు తూటాలు పేలాయి. మూడోది ఇరుక్కుపోయింది. మునెప్ప విప్పి చూస్తే లోపలంతా నూనెలో నానిన కుంకుమ.

"ఆయుధపూజకు పెట్నట్లుండారప్పా," అన్నాడు, నవ్వకుండా.

శుభ్రం చేసి కాలిస్తే ఆరుకు ఆరూ పేలాయి.

"ఇప్పుడు బాగుండాది. ఇంగ లోపల ఏమీ పడనీయొద్దప్పా."

ఇంటికొచ్చి నా భార్య సరోజను కసిరాను. "బొట్టు పైన పెట్టొచ్చు గదా, లోపల యాల పూసినావు?"

"పైన పెడితే నువ్వు తుడిసేస్తావు గదా," అంది. "దేవుడి తోడు లేకుండా రేపు ఎట్ల పోతావు?"

పిస్తోలు బీరువాలో పెట్టి తాళం వేశాను. భోజనమయ్యాక ఇంకోసారి చూద్దామని తాళంచెవి వెతికితే, అది సరోజ కొంగు ముడిలో ఉంది. ఆమె నిద్రపోతోంది. వేళ్ల కొసలు నూనె తడితో ఎర్రగా ఉన్నాయి.