నిన్సీమా నెమ్మదించింది

కరమోజా, రోడ్డు పని క్యాంపు

ప్రియమైన కెమిగిషాకు,

ఈ గుట్టల మధ్య ఫోను పలకడం లేదు. అందుకే లారీ డ్రైవరు చేతికి ఉత్తరం ఇస్తున్నాను. ఎండకి కాస్త నల్లబడ్డాను గానీ బాగానే ఉన్నాను.

మన నిన్సీమా సంగతి మా మేస్త్రీకి చెప్పాను. ఐదేళ్లొచ్చినా మాటల్లేవనీ, చెవులు మూసుకుని అరుస్తుందనీ, ఎంబరారా పట్నంలో డాక్టరు ఆటిజం అన్నాడనీ, దానికి మందు లేదన్నాడనీ. మేస్త్రీ వాళ్లక్క కొడుకూ అలాగే ఉండేవాడట. పాలు, గోధుమ పూర్తిగా మానిపిస్తే కొన్నాళ్లకి మాటలొచ్చాయట. ఇంట్లోనే చేసుకోవచ్చట. మా పిల్ల పాలు, చపాతీ తప్ప ఇంకేమీ ముట్టదన్నాను. ఆకలేస్తే అదే తింటుంది, మీరే మనసు గట్టి చేసుకోవాలి అన్నాడు.

అమ్మకి నువ్వే నచ్చజెప్పు. ఒక్కసారి అది నన్ను నాన్నా అని పిలిస్తే చాలు.

నీ కోసం, దాని కోసం ఎదురుచూసే
బరిగ్యే

*

ప్రియమైన నిన్సీమా నాన్నకు,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. "పాలు మానితే మాటలొస్తాయా? అయితే మన దొడ్లో పాలు మానిన దూడలన్నీ ఈపాటికి కబుర్లు చెబుతుండాలే" అంది. ఇన్ని ఆవులున్న ఇంట్లో బిడ్డకి పాలు లేవనడం ఏం పాపమని రోజంతా సణిగింది. కొడుకు అడిగాడని చివరికి ఊరుకుంది.

మొదటి రోజులు ఎలా గడిచాయో అడక్కు. పాలకి కమ్మని వాసన రావాలని అత్త గడ్డిపొగ పట్టించే పాలకుండలన్నీ పక్కింట్లో దాచాం. నిన్సీమా ఆ వాసన పట్టుకుని వెళ్లి వాళ్ల తలుపు గోకేది. అరటికాయ ముద్ద పెడితే ఉమ్మేసింది. గడ్డం పట్టుకుని రాగిజావ పోస్తే నా మణికట్టు కొరికింది.

ఇక్కడిదాకా రాసి పక్కన పెట్టేశాను. ఇప్పుడు మంచి కబురు ఉంది కాబట్టి మళ్లీ రాస్తున్నాను. నిన్సీమా నెమ్మదించింది. అరవడం లేదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటోంది. చర్చిలో ప్రార్థన అయ్యేదాకా కదల్లేదు. ఈ పిల్ల ఆ పిల్లేనా అని పాస్టరు భార్య అడిగింది. తిండి మాత్రం ఇంకా అంతంతమాత్రమే. నిన్న నేను చిక్కుళ్లు వలుస్తుంటే తనంతట తనే వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. పుట్టాక ఎన్నడూ ఒళ్లోకి రాని పిల్ల. లేస్తే ఎక్కడ వెళ్లిపోతుందోనని పొయ్యి ఆరిపోతున్నా అలాగే కూర్చుండిపోయాను.

నీ కెమిగిషా

*

నా బంగారు కెమిగిషాకు,

నీ ఉత్తరం క్యాంపంతా చదివి వినిపించాను. మేస్త్రీ నా వీపు తట్టాడు. వంటవాడు నాకు ఇంకో ముక్క మాంసం వేశాడు. నీ ఒళ్లో తల పెట్టుకుందన్న చోట కాగితం పక్కవాడి చేతిలో పెట్టేశాను, వాడు అందుకుని చదివాడు.

ఇప్పుడు వదిలిపెట్టకు. ఎవరు జాలిపడినా ఒక్క గుక్క పాలు కూడా పట్టనివ్వకు. వచ్చే ఏడు దాన్ని బడిలో వేద్దాం.

మీ ఇద్దరినీ తలుచుకుంటూ,
బరిగ్యే

*

నిన్సీమా నాన్నకు,

నీ ఉత్తరం మాకు ఆసుపత్రిలో అందింది. పిల్ల బతికే ఉంది. ఆ మాట ముందు చదువుకో.

టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ దాని జబ్బకి రంగుల పట్టీ చుట్టి చూసింది. పట్టీ ఎరుపు చూపించింది, అంటే తిండిలేక ప్రాణం మీదికొచ్చినట్టట. పాదాలు నొక్కితే గుంటలు పడ్డాయి. అత్తా నేనూ ఒళ్లు చేసిందనుకున్నాం. అది నీరట. పిల్ల నెమ్మదించలేదయ్యా. అరిచే ఓపిక పోయింది. నా ఒళ్లో తల పెట్టుకుందని రాశానే, అది కూర్చోలేక వాలిపోవడం.

పాలు మానిపించమని ఎవరు చెప్పారని డాక్టరమ్మ అడిగింది. నీ పేరు చెబుతానేమోనని భయపడ్డాను. అప్పుడు అత్త ముందుకొచ్చి, "ఆమెనేం అడుగుతారు? ఇంటికి పెద్దదాన్ని నేను. నేనే మానిపించాను" అంది. డాక్టరమ్మ ఆమెని అందరి ముందూ కేకలేసింది. అత్త తలొంచుకుని అన్నీ పడింది. బయటికొచ్చాక కూడా నన్నొక్క మాట అనలేదు. నా పక్కన కూర్చుని తన పైబట్ట అంచుతో నా మొహం తుడిచింది.

మొదట ముక్కులోంచి గొట్టంతో పాలు పోశారు. ఇప్పుడు గొట్టం తీసేశారు. కప్పుతో తాగుతోంది. అత్త పట్టిస్తేనే తాగుతోంది. నా చెయ్యి దగ్గరికొస్తే పళ్లు బిగించి గోడవైపు తిరుగుతోంది. ఇన్నాళ్లూ ముట్టుకోనివ్వకపోయినా నా చేతిలో కప్పు మాత్రం అందుకునేది. మా ఇద్దరి మధ్యా ఉన్నది అదొక్కటే. నిన్న అత్త పైబట్ట చుట్టుకుని, మాట్లాడకుండా కప్పు పట్టాను. కళ్లు మూసుకునే ఉంది, అయినా పోల్చుకుంది.

మాటలొస్తాయా అని డాక్టరమ్మని అడిగాను. తెలియదంది. ముందు దాన్ని నడవనివ్వు అంది.

నిన్నేమీ అనను. నేనూ ఆశపడ్డాను. నువ్వు క్యాంపులో అందరికీ చదివి వినిపించిన ఆ పిల్ల లేదు. ఇక్కడ ఉన్నది మన నిన్సీమా. నువ్వొస్తే నీవైపు చూడదు, పిలవదు. అయినా సెలవడిగి రా. నా చేతిలోంచి తాగడం లేదు గానీ, నీ చేతిలోంచి తాగుతుందేమో చూద్దాం.

కెమిగిషా