తడవని తువ్వాల

ఏమప్పా, నీ పెండ్లాం రాస్తోంది. నువ్వు పోయి ఏడాదయింది.

శుభ శుక్రవారానికి ముందురోజు ప్రార్థన మందిరంలో నువ్వు ఏటా చేసే పని, యేసు శిష్యులకు కడిగినట్టు అందరి కాళ్లు కడిగే పని, ఈసారి పాస్టరయ్యగారు నాకిచ్చారు. నువ్వు ఆ కాళ్లు తుడిచే తువ్వాలనే గొప్పగా భుజాన వేసుకుని వెళ్లాను.

వరుస చివర రత్నమ్మ కూర్చుంది. వల్లూరు సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగి కడిగి ఆమె కాళ్లు పగిలి చీము పట్టాయి. ఏ రోగం అంటుకుంటుందోనని భయపడి, ముట్టుకోకుండా చెంబెత్తి పైనుంచి నీళ్లు పోశాను.

"ఏందక్కా, పెద్దకులపోళ్ల ఇంటికాడ మన దోసిట్లో పోసినట్ల పోస్తాండావే?" అని నవ్వి, కాళ్లు చీరలోకి లాక్కుంది.

అట్లా పోసినవాళ్లను చచ్చేదాకా క్షమించనని నేను అనేదాన్ని. నువ్వు వాళ్ల కోసం కూడా ప్రార్థన చేసేవాడివి.

రెండు ఆదివారాలుగా రత్నమ్మ ప్రార్థనకు రాలేదు. ఈ పొద్దు నీ తువ్వాల తీసుకుని వాళ్లింటికి పోయాను. ఆమె గడపలోనే నిలబడి, "కాళ్లు మానినాక వస్తాలే అక్కా, నీకెందుకు భయం?" అంది. ఆ కాళ్లు కడుగుదామనే పోయినదాన్ని, గడప బయటి నుంచే తిరిగొచ్చాను.

తువ్వాలను పొడిగానే తెచ్చి, మళ్లీ నీ మేకుకు తగిలించాను.