హనగాసుమిది పిట్టకథేనా?

మత్సుయే

ప్రియమైన మిత్సుయో,

ఇక్కడ వాన. ఉత్తరం మొదట్లో వాతావరణం రాయాలి కదా, రాశాను. ఇక అసలు సంగతి. మనం పనిచేసిన 'ఏడు రేవులు' గేముల ముప్పై ఏళ్ల పండుగకు మీ కమిటీ అధికారిక కథాక్రమం తేలుస్తోందట. టీవీ గేములు, కార్టూన్లు, సినిమాలు అన్నీ అందులో ఉంటాయట. చేతిలో పట్టుకుని ఆడే మన బుల్లి గేమ్ మాత్రం 'పిట్టకథ' అట, అసలు కథ లెక్కలోకి రాదట! నేను కథ రాసి, నువ్వు చుక్కచుక్కగా బొమ్మలు వేసిన గేమ్. పిల్లలు రైళ్లలో, దుప్పట్ల కింద ఆడబట్టే కదా ఆ పేరు ఇన్నేళ్లు నిలబడింది!

నా పేరు ఏ పెట్టె మీదా లేదు. అందులో పడవ నడిపే హనగాసుమి ఒక్కతే నేనక్కడ పనిచేశాననడానికి గుర్తు. ఆవిడ అసలు కథలో చేరాలి. నాకు కాలు నిలవడం లేదు. కమిటీలో ఉన్నావు, కాస్త నోరు విప్పవే.

నీ సవాకో

క్యోటో

సవాకో తల్లీ,

నోరు విప్పాను. సినిమా నిర్మాత కుసునోకి, "ఆవిడ పేరు హనగాసు కదండీ?" అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. ఆ తెర మీద పేరుకు నాలుగక్షరాలే పట్టేవి కదా. 'పూలమంచు' అని నువ్వు ముద్దుగా పెట్టిన పేరు చివర తెగిపోతే, పిల్లలు 'హన'ని పువ్వు కాక ముక్కు అనుకుని, 'గాసు'ని గ్యాస్ చేసి, 'ముక్కు గ్యాస్' అని చదువుకున్నారు. "అలా పిలుస్తూనే ఆవిడ పడవ ఎక్కారండీ" అన్నాను. సోమవారం తేలుస్తారు. ఫోన్ మాత్రం చేయకు, నీ అరుపులు ఆఫీసంతా వినాలి.

నీ మిత్సుయో

మత్సుయే

మిత్సుయో,

సోమవారం పోయింది, శుక్రవారమూ వచ్చింది. గుల్లల చారు రెండుసార్లు మాడ్చాను. నన్ను చూస్తే పోస్ట్‌మ్యాన్ వీధి మారుస్తున్నాడు. బతికే ఉన్నావా?

సవాకో

క్యోటో

సవాకో,

ఒప్పుకున్నారు. హనగాసుమి ఇప్పుడు అసలు కథలో మనిషి, పూర్తి పేరుతో సహా. కానీ ఎలా రాయాలో తెలియకే ఇన్నాళ్లు ఆగాను. కొత్త సినిమా మొదట్లోనే ఆవిడ నీళ్లలో మునిగి చనిపోతుంది. హీరోకి కోపం రావాలట.

మిత్సుయో

మత్సుయే

మిత్సుయో,

వద్దు. ఆ గేమ్‌లో పిల్లలు ఎన్నిసార్లు నీళ్లలో పడ్డా, "తడిశావా, సన్నాసీ? ఎక్కు మళ్లీ!" అని చెయ్యి అందించిన మనిషి తను. ఆవిణ్ణే ముంచుతారా? నా గుర్తూ వద్దు, గొప్పా వద్దు. ఎలాగైనా ఆపు.

నీ సవాకో

క్యోటో

నా సవాకో,

మీటింగులో లేచి, "చేతి గేమ్ ఉత్త పిట్టకథ, లెక్కలోకి రాదు" అన్నాను. మొన్నటిదాకా తగువులాడింది నేనే కదా, అందరూ నోళ్లు తెరిచారు. పిట్టకథలోని మనిషిని అసలు కథలో వాడకూడదన్నది వాళ్ల నియమమే. దాన్నే పట్టుకుని కూర్చున్నాను, చివరికి సరేనన్నారు. దాంతో పండుగకు వేసే పుస్తకంలోంచి ఆ గేమ్‌కి నేను వేసిన బొమ్మలూ పోయాయి. ఇంటికొచ్చి ఏడ్చాను, నీ దగ్గర దాపరికమేముంది.

కుసునోకి లిఫ్టు దగ్గర పట్టుకుని, "మరి మొదట్లో ఎవర్ని చంపమంటారండీ?" అని వాపోయాడు.

"మీ హీరోని చంపుకోండి, మా పిల్ల జోలికి రాకండి" అన్నాను.

ఎప్పటికీ నీ మిత్సుయో