చచ్చిపోయిందనుకున్న ప్రోగ్రాము

అమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అంటే తింటున్నాను, పడుకుంటున్నాను. నువ్వూ, నాన్నా, పిన్నీ కులాసాగా ఉన్నారనుకుంటాను. మోకాలికి పట్టీ కట్టుకుంటున్నావా అని అడిగితే ఆ మాటే ఎత్తలేదు. కట్టుకోవడం లేదన్నమాట.

"ఎవరూ మాట్లాడని భాష పట్టుకుని ఎవరితో మాట్లాడతావే?" అని అడిగావు. కంప్యూటర్‌తోనమ్మా. అది కూడా మరిచిపోయిన భాష. కుర్రతనంలో మా ఆఫీసు సార్ అందులో ఒక ప్రోగ్రాము రాశారు, ఏ రైలును ఏ పట్టాల మీదికి మళ్ళించాలో చెప్పేది. దాన్ని మళ్ళీ నడిపించడానికే నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. తీరా చూస్తే, ఆ భాషను నడిపే సాఫ్ట్‌వేరే ఎక్కడా లేదు. నెట్‌లో ఉన్న లింకులన్నీ మూసేసిన దుకాణాలు. తయారుచేసిన వాళ్ళకు మెయిల్ పెడితే సగం తిరిగొచ్చాయి. ఒకాయన మాత్రం, "నేనిప్పుడు గులాబీలు పెంచుతున్నాను, నన్నొదిలెయ్యి తల్లీ" అని రాశాడు. చివరికి రిటైరైన ఒకావిడ తన అటక మీది పెట్టెలో వెతికి పంపించింది.

దాన్ని ఇప్పటి కంప్యూటర్‌కు సరిపడేలా మార్చి, సార్ ప్రోగ్రాము ఎక్కించాను. తెర ఖాళీ. తప్పనీ అనదు, ఒప్పనీ అనదు.

"పోయిందే అది, దణ్ణం పెట్టెయ్" అన్నాడు పక్క బల్ల పొడుగాయన.

సార్ వచ్చారు. "నడుస్తోందా లేదా, ఒక్క మాట చెప్పమ్మా."

"లేదు సార్."

"అయితే అప్పట్లో నేనే తప్పు రాసుంటాను. అందరికీ గొప్పలు చెప్పుకున్నాను, చూడు" అని నవ్వారు. ఈ పని ఆపేస్తున్నామనీ, నెలాఖరుకు నన్ను వెళ్ళిపొమ్మనీ చెప్పారు. సరేనన్నాను.

ఇంతవరకూ ఫోన్లో చెప్పాను. చెప్పనిది ఇది.

నిన్న బల్ల సర్దుతుంటే ఆ తెర ఇంకా తెరిచే ఉంది. మన కుట్టు గదిలో కాజాలు కుట్టే పిన్ని, చొక్కా చేతికందేదాకా కిక్కురుమనకుండా కూర్చుంటుంది కదా! ఈ భాషలో ప్రతి ముక్కా అంతే. కావలసింది అందకపోతే అరవదు, ఆగిపోదు, ఊరికే ఉంటుంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివిందే, కొత్తగా చేరిన వాళ్ళకు చెప్పిందే. అయినా రైళ్ళ వివరాల ఫైలును దానికి కలపడమే మరిచిపోయాను. నిన్న కలిపాను. జవాబులు జలజలా వచ్చాయి. ఒక్క తప్పు లేదు.

సంతోషం రాలేదమ్మా. ఏడుపూ రాలేదు. ఎవరి ఇంట్లోనో నల్లా తిప్పినట్టుంది. గోడకు అవతలే సార్ దగ్గుతున్నారు. నేను కంప్యూటర్ కట్టేసి, చెప్పులేసుకుని వచ్చేశాను. చెబితే ఉద్యోగం మళ్ళీ ఇస్తారేమో, ఇస్తే ఏళ్ళ తరబడి అదే కుర్చీ. అది నాకు కావాలో వద్దో తెలియడం లేదు.

రాత్రంతా ఇదే ఆలోచించానని రాస్తే అబద్ధం. బాగానే నిద్రపట్టింది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే మాత్రం ఒకటి తట్టింది. నాకు కావాలో వద్దో తర్వాత సంగతి. ఆయన ఈ పొద్దున కూడా తనే తప్పు రాశాననుకుంటూ లేచి ఉంటారు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అటునుంచి అటే ఆయన గదికి వెళ్తున్నాను. తిడితే తిట్టనీ. నాకేమైనా అనిపిస్తే రాస్తాను.

ఇట్లు,
నీ పెద్దది