పన్నెండు మేకుల వరస

పదో తేదీ, బుధవారం, పొద్దున

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాస్తున్న ముక్కలు. నేను బాగానే ఉన్నాను, మోకాళ్ల సంగతి అడగకు. నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను. నా అక్షరాలు చూసి నవ్వొస్తే నవ్వుకో. నలభై ఏళ్లు ఉలి పట్టిన చేతిలో కలం గడ్డిపోచలా జారిపోతోంది.

కొండ కదలడం లేదని సోమవారం నువ్వు సంతకం పెడతావట. అది పడితే వాలు కింద ముప్పై ఇళ్లకు పునాదులు తీస్తారట. ఆ పునాదుల పని పట్టిన మేస్త్రీ చెప్పాడు. ఈ ఏడు కొలతకు రానక్కర్లేదు, పాత కొలతలే చాలని మీ ఆఫీసు పెద్దవాళ్లు అన్నారట. ఆ సంతకం పెట్టవద్దు. అందుకే లారీ డ్రైవరు చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఆ వాలు మీదే ఇళ్ల కింది వరసలో దర్జీ ఇంటి తలుపు రెండేళ్లుగా మూసుకోవడం లేదు. వడ్రంగి మూడుసార్లు చిత్రిక పట్టాడు. తలుపుకు బాగా తిండి పెడుతున్నావా అని దర్జీని నేనే ఎగతాళి చేశాను. తలుపు సరిగ్గానే ఉంది, గోడే ఒరుగుతోంది. కంచె గుంజలన్నీ తాగినవాళ్లలా కిందికి వాలాయి. పైన నేలలో నా చెయ్యి దూరేంత బీట పడింది. వాననీళ్లు అందులోకి దిగుతాయి, ఎక్కడ తేలతాయో తెలియదు.

నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు మా గడప మీద కూర్చుని చెప్పినవి గుర్తున్నాయి. కొండల్నీ లోయల్నీ ఒకే మహావరద చేసిందని ఒకప్పుడు అన్నారట. కాదు, వానా ఏరూ లక్షల ఏళ్లు కొరికితే లోయ అయిందని తరవాతివాళ్లు అన్నారట. భూమి చల్లారి ముడతలు పడితే కొండలు లేచాయని కొందరు. అదీ కాదు, నేల ముక్కలే నడిచి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయని ఇప్పటివాళ్లు. నెమ్మదిగా జరిగేదీ ఉంది, ఒక్క పూటలో కూలేదీ ఉంది అన్నావు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మీ శాస్త్రం పూటకో మాట చెప్పే సాక్షి, మా రాతిపనిలో ఒకటే మాట, ఒకటే గీత అన్నాను. నీకు కోపం రాలేదు. రాయి వేరేగా చెబితే మా మాట మేం వదులుకుంటాం మామయ్యా, అదే మా చదువు అన్నావు. తప్పు ఒప్పుకోవడానికి అంత చదవాలా అన్నాను. మీకు చదివినా రాదులెండి అంది మీ అత్త.

ఆరేళ్ల కిందట ఆ వాలుకు అడ్డంగా, అటూ ఇటూ గట్టిరాతి మీద గుర్తులు పెట్టి, మధ్యలో నా చేత పన్నెండు ఇనుప మేకులు దిగ్గొట్టించావు. వాటిని నా కాపలాలో ఉంచావు. ఏటా వచ్చి చూస్తే గీత గీసినట్టు ఉండేవి. మామయ్య కాపలా అంటే ఇదీ అని నీ తోటివాళ్లకు చూపించావు. నా ఛాతీ జానెడు పొంగింది.

ఆ కొలతలు నమ్మకు. నీ లెక్క తప్పని కాదు. సోమవారం లోపు వచ్చి నీ కళ్లతో చూడు. నలుగురిలో పరువు పోతుందని జంకకు. పోవలసిన పరువు నీది కాదు.

ఇట్లు
నీ మేనమామ

తా.క. ఇది రాయడానికి రెండు కాగితాలు చించాను. వానలు వెళ్లాక ఏటా మేకులు కిందికి జారి ఉండేవి. కొన్ని రెండు వేళ్లు, కొన్ని నాలుగు. నేను కొట్టిన మేకు నిలవలేదంటే నామర్దా అనిపించింది. నువ్వు వచ్చే ముందురోజు రాతిగుర్తుల మధ్య దారం కట్టి, అన్నీ పెరికి మళ్లీ వరసలో దిగ్గొట్టేవాణ్ణి. పాత బొక్కల్లో మట్టి కూరి పైన గడ్డి పరిచేవాణ్ణి. ప్రతి ఏడూ. జారింది మేకు కాదు, కొండ అని దర్జీ గోడ చూశాకే తట్టింది. తట్టి మూడు నెలలైంది, నోరు పెగల్లేదు. ఈ ఏడు ముట్టుకోలేదు. ఏడో మేకు జానెడు కిందికి జారింది. నా మాట నేను వదులుకుంటున్నాను. మీ పెద్దవాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించు, ఈ కింది ముక్క దాచకుండా.