నీళ్లు కాచే పాట

ఆదివారం, డాలీగంజ్

పొద్దున చాతం జెట్టీలో ఫెర్రీ కోసం నిలబడి ఉంటే వెనకనుంచి ఓ పాప గొంతు వినిపించింది: "నీళ్లు కాచి, చల్లార్చి, వడకట్టి తాగండీ..." అది నా క్లాసు రాగం!

ఇరవై ఏళ్ల కిందట సునామీకి బడిలో తెలుగు పుస్తకాలన్నీ తడిసి పాడైపోయాయి. మా దీవికి కొత్తవి తెచ్చే ఓడ ఎప్పుడొస్తుందో అప్పుడు తెలీదు. రిలీఫ్ క్యాంపులో పంచిన మంచినీళ్ల జాగ్రత్తల కరపత్రంతోనే మూడో తరగతి పిల్లలకి చదవడం నేర్పాను. వాళ్లు దాన్ని పద్యంలా రాగం తీసి చదివేవారు. టెంటు అదిరిపోయేది. ఆ గోల మళ్లీ ఏ క్లాసులోనూ వినలేదు.

తిరిగి చూస్తే పాప పక్కన, ఆ టెంటు క్లాసులో చదివిన మా పార్వతి!

"గుర్తుపట్టారా మేడమ్? నా కూతురండి. తెలుగు చదవడం రాదు, స్కూల్లో అంతా హిందీయే కదా. ఇది మాత్రం పూరా నోటికొచ్చు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రేపు ఈ పాపకి పుట్టే పిల్లలకి ఈ మాటలైనా మిగులుతాయో లేదో...

పాప మాత్రం ఆపకుండా చివరిదాకా పాడింది: "సముద్రం మీద అలగకండీ."

ఆ వాక్యం కరపత్రంలో లేదు. నేను తలా ఒక మాట కలపమంటే ఆనాడు క్లాసులో పార్వతి కలిపింది. సునామీ రోజు చేపల వేటకెళ్లిన వాళ్ల నాన్న అప్పటికింకా తిరిగి రాలేదు.